సర్వరు చిట్టా: ఏది రాయించాలి, ఎంతకాలం ఉంచాలి

కొన్నేళ్ల కిందట మేము పనిచేసిన ఒక విభాగంలో హోసూరు ప్రాంతపు తెలుగు వృద్ధుల మాటలు రికార్డు చేసి ఒక చిన్న సర్వరులో దాచి ఉంచాం. ఒకనాడు ఒక వ్యాసం కోసం వాటిని తెరవబోతే పద్నాలుగు ఫైళ్లు కనిపించలేదు. అవి ఉన్నట్టు చివరిసారి చూసింది ఆరు వారాల కిందట. ఎవరు తీసివేశారు, ఎప్పుడు తీసివేశారు, తెలిసి తీశారా, పొరపాటున పోయాయా అని సర్వరు లాగ్ చూశాం. అందులో నాలుగు వారాల సంగతులే ఉన్నాయి. అంతకు ముందువాటిని యంత్రం తనంతట తానే చెరిపివేసింది. అలా చెరపమని మేమెవరం చెప్పలేదు, వద్దని కూడా చెప్పలేదు.

ఆ గదిలో రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసే పరిశోధక విద్యార్థి ఒకరి మీదికి అనుమానం మళ్లింది. ఆయన చేశాడనడానికి ఆధారం లేదు. చేయలేదనడానికీ లేదు. మాట్లాడిన పెద్దల్లో ఇద్దరు అప్పటికే కాలం చేశారు కనుక మళ్లీ రికార్డు చేసే అవకాశం కూడా లేకపోయింది. ఆ విద్యార్థి చదువు ముగించుకొని వెళ్లిపోయాడు గాని, ఆ అనుమానాన్ని తీర్చగలిగిన వారెవరూ లేరు.

ఈనాడు భాషాశాఖల్లో నిఘంటువు ప్రతులు, ధ్వని రికార్డులు, తాళపత్రాల ఛాయాచిత్రాలు సర్వరుల్లోకి చేరుతున్నాయి. చాలాచోట్ల ఆ సర్వరులను చూసుకొనేది వేతనం మీద నియమించిన నిపుణులు కారు, మీవంటి విద్యార్థులే. అందుకని ఘటనల నమోదుకు సంబంధించిన సెట్టింగులను, మేము ఆలస్యంగా నేర్చుకొన్న పాఠాలతో కలిపి, ఇక్కడ వివరిస్తున్నాం. ఉదాహరణలు ప్రధానంగా లినక్సు సర్వరుకు చెందినవి. ఆజ్ఞల పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలో రాస్తున్నాం. కీబోర్డు మీద మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.

చిట్టా, ఆవర్జా

లాగ్ అంటే జరిగినది జరిగినట్టు, జరిగిన వరసలో, వేళతో సహా రాసుకొన్న పుస్తకం. పాత లెక్కల పరిభాషలో ఇది చిట్టా. పద్దులవారీగా విడగొట్టి రాసేది ఆవర్జా. సర్వరు చిట్టా మాత్రమే రాస్తుంది. దానిలోంచి ఆవర్జా తీసుకోవడం, అంటే ఫలానా వ్యక్తి ఏం చేశాడు, ఫలానా ఫైలుకు ఏమైంది అని వేరుచేసి చదువుకోవడం, మన పని.

ఈ భావం మీరున్న ప్రాంతాల్లో దేనికీ కొత్త కాదు. తమిళనాట భూమి పత్రాల్లో ‘పట్టా, చిట్టా’ నేటికీ జంటగా వినిపిస్తాయి. కర్ణాటక కార్యాలయాల్లో ఫైలును ‘కడత’ అంటారు. మన ‘కడితం’ దానికి సోదర పదమే. మరాఠీ వ్యాపారి రోజువారీ లెక్క రాసేది ‘రోజకీర్ద’లో. పూరీ జగన్నాథాలయపు వృత్తాంతాలు ‘మాదళా పాంజి’గా ప్రసిద్ధం. యానాం పెద్దలకు తెలిసిన ఫ్రెంచిలో ‘జూర్’ అంటే రోజు, దానినుంచి పుట్టిన ‘జూర్నల్’ అంటే దినచర్య పుస్తకం. లినక్సులో నేడు లాగ్ రాసే ప్రధాన కార్యక్రమానికి జర్నల్ అనే పేరు పెట్టారు. కోస్తా నుంచి సీమ దాకా మన కరణాలు రాసిన దండకవిలెలు మెకంజీ కైఫీయతులకు ఆధారమయ్యాయంటే, రాసినవారు ఎవరో ఏనాడో అడగబోయే ప్రశ్నకు ముందుగానే జవాబు దాచి ఉంచారన్నమాట. సర్వరు లాగ్ చేయవలసింది కూడా అదే.

ముందుగా: రాసినది నిలుస్తున్నదా?

లినక్సులో సాధారణంగా ఇద్దరు లేఖకులుంటారు. ఒకటి సిస్టమ్‌డి జర్నల్. రెండవది ఆర్‌సిస్‌లాగ్, ఇది సందేశాలను మామూలు అక్షరాల ఫైళ్లుగా రాస్తుంది. కొన్ని యంత్రాల్లో రెండూ ఉంటాయి. 2023లో వచ్చిన డెబియన్ 12 మొదలు ఆ పంపిణీలో జర్నల్ ఒక్కటే ముందుగా అమరి వస్తుంది, ఆర్‌సిస్‌లాగ్ కావాలంటే మనమే తెచ్చుకోవాలి. కనుక మీ యంత్రంలో ఏది ఉందో మొదట చూసుకోండి.

జర్నల్ సెట్టింగుల ఫైలు పేరు జర్నల్‌డి డాట్ కాన్ఫ్. అందులో ‘స్టోరేజ్’ అనే మాట ఉంటుంది. చాలా యంత్రాల్లో దాని సహజ విలువ ‘ఆటో’. అంటే వర్ ఫోల్డరులో లాగ్, దానిలో జర్నల్ అనే ఫోల్డరు ఉంటే డిస్కు మీద రాస్తుంది, లేకపోతే తాత్కాలిక జ్ఞాపకంలో రాస్తుంది. తాత్కాలిక జ్ఞాపకంలో రాసినది యంత్రం ఆగి మళ్లీ మొదలైతే పోతుంది. యంత్రం ఎందుకు ఆగిందో తెలుసుకోవలసిన సమయంలోనే లాగ్ లేకుండా పోతుందన్నమాట. ‘ఆటో’ తీసివేసి ‘పర్సిస్టెంట్’ అని రాసి, జర్నల్ సేవను మళ్లీ మొదలుపెట్టడం మొదటి పని.

తీవ్రత: ఎనిమిది మెట్లు

సిస్‌లాగ్ పద్ధతిని 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రూపొందించాడు. అది తరువాత అన్ని రకాల యంత్రాలకూ పాకింది. 2009లో ఆర్‌ఎఫ్‌సి 5424గా ప్రమాణీకరించారు. దానిలో ప్రతి సందేశానికీ ఒక తీవ్రత అంకె ఉంటుంది: 0 ఎమర్జెన్సీ, 1 అలర్ట్, 2 క్రిటికల్, 3 ఎర్రర్, 4 వార్నింగ్, 5 నోటీస్, 6 ఇన్‌ఫో, 7 డీబగ్. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. సందేశం ఏ శాఖ నుంచి వచ్చిందో తెలిపే మరో అంకె కూడా ఉంటుంది. శాఖ అంకెను 8తో హెచ్చవేసి తీవ్రతను కలిపితే సందేశపు ముద్ర వస్తుంది. అధికారం తీసుకొని పనిచేసే ‘సూడో’ ఆజ్ఞ నమోదు 10వ శాఖ, 5వ తీవ్రత; కనుక ముద్ర 85.

సెట్టింగులో ఒక మెట్టు చెబితే ఆ మెట్టు, అంతకన్నా తీవ్రమైనవి మాత్రమే నమోదవుతాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు. స్థలం ఆదా అవుతుందని ‘వార్నింగ్’ దగ్గర గీత గీస్తారు. కాని సర్వరులోకి ఎవరు ప్రవేశించారనే నమోదు ఇన్‌ఫో మెట్టులో ఉంటుంది. ప్రవేశం యంత్రం దృష్టిలో ప్రమాదం కాదు, మామూలు విషయం. గీత వార్నింగ్ దగ్గర గీస్తే ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో ఒక్క పంక్తి కూడా మిగలదు. మామూలు రోజుల్లో ఇన్‌ఫో దాకా ఉంచండి. డీబగ్ మాత్రం దోషాన్ని వెదికే పూట తెరిచి, పని ముగియగానే మూసివేయవలసినది. తెరిచి వదిలేస్తే అసలు సంగతులు ఆ వరదలో కనిపించవు.

అడగనిదే రాయనివి

మా ఉదంతంలో ఆరు వారాల లాగ్ ఉండి ఉంటే జవాబు దొరికేదా అని తరువాత ఆలోచించాం. దొరికేది కాదు. ఒక ఫైలును తీసివేసిన సంగతిని లినక్సు తనంతట తాను నమోదు చేయదు. ఎవరు లోపలికి వచ్చారో చెబుతుంది, వచ్చి ఏ ఫైలు చెరిపారో చెప్పదు. అది కావాలంటే ‘ఆడిట్‌డి’ అనే మరో సేవను అమర్చి, ఫలానా ఫోల్డరును కనిపెట్టి ఉండమని నియమం రాయాలి. నియమంలో మూడు భాగాలు: డబ్ల్యు గుర్తుతో ఫోల్డరు దారి, పి గుర్తుతో రాయడం, లక్షణాలు మార్చడం అనే రెండు చర్యలు, కె గుర్తుతో మనం పెట్టుకొనే ఒక పేరు. ఫోల్డరులోంచి ఫైలును తీసివేయడం కూడా ఆ ఫోల్డరు మీద రాయడం కిందికే వస్తుంది. తరువాత ‘ఏయూసెర్చ్’ ఆజ్ఞతో ఆ పేరును వెదికితే సంబంధించిన పంక్తులన్నీ ఒకచోట చేరతాయి. నియమాన్ని ఆజ్ఞగా మాత్రమే ఇస్తే యంత్రం మళ్లీ మొదలయ్యేదాకానే పనిచేస్తుంది. రూల్స్ ఫోల్డరులో ఫైలుగా రాస్తేనే నిలుస్తుంది.

ఆడిట్ నమోదులో ఒక మేలు ఉంది. వ్యక్తి తన పేరుతో ప్రవేశించి, తరువాత పెద్ద అధికారం తీసుకొని పనిచేసినా, మొదట ప్రవేశించిన పేరు ప్రతి పంక్తిలోనూ నిలిచి ఉంటుంది. కాని అందరూ ఒకే పేరుతో ప్రవేశిస్తే ఈ మేలు లేనట్టే. మా విభాగంలో ఆచార్యులు, విద్యార్థులు, గుమాస్తా అంతా ఒకే ఖాతా, ఒకే సంకేతపదం వాడేవాళ్లం. సౌకర్యంగా ఉండేది. ఎంత మంచి లాగ్ ఉన్నా అది మా అందరినీ ఒకే మనిషిగా రాసి ఉండేది. ఒక్కొక్కరికీ వేరు ఖాతా ఇవ్వడం లాగ్ సెట్టింగు కాదు గాని, అది లేకుండా మిగతా సెట్టింగులకు అర్థం లేదు.

మీ శాఖలో విండోస్ సర్వరు ఉంటే సూత్రం ఇదే. ఈవెంట్ వ్యూయర్‌లోని సెక్యూరిటీ లాగ్‌లో ప్రవేశం 4624గా, విఫలయత్నం 4625గా కనిపిస్తాయి. ఫైళ్ల సంగతి కావాలంటే మాత్రం ఆడిట్ విధానంలో ఫైల్ సిస్టమ్ అంశాన్ని తెరిచి, ఆ ఫోల్డరు లక్షణాల్లో ఆడిటింగ్ కూడా చేర్చాలి. రెండింటిలో ఏది మరచినా నమోదు జరగదు. ఆ సెక్యూరిటీ లాగ్ సహజ పరిమాణం 20 ఎంబీ. నిండగానే పాతవాటి మీద కొత్తవి రాస్తుంది. ఆ పరిమాణాన్ని పెంచండి.

వేళ

మిగిలిన నాలుగు వారాల లాగ్ తిరగవేస్తుంటే ఒకచోట 19:40కి ఒక ప్రవేశం కనిపించింది. సాయంత్రం ఏడూ నలభైకి గదిలో ఉన్నది ఆ విద్యార్థే కదా అని ఒకరు అన్నారు. సర్వరు గడియారం యూటీసీలో నడుస్తున్నదని మరునాడు గాని తేలలేదు. మన కాలం దానికి అయిదున్నర గంటలు ముందు. అంటే అది మరునాటి వేకువ 1:10. ఆ వేళకు రోజూ మరో యంత్రం నుంచి వచ్చి నిఘంటువు సూచికను సరిచేసి పోయే కార్యక్రమం ఒకటి ఉంది. ఒక్క రోజయినా ఒక మనిషి మీద నింద మోపింది ఆ అయిదున్నర గంటల తేడా.

పాత సిస్‌లాగ్ పంక్తిలో నెల, తేదీ, గంట ఉంటాయి గాని సంవత్సరం ఉండదు, ఏ దేశపు కాలమో ఉండదు. ఆర్‌సిస్‌లాగ్ సెట్టింగులలో ‘ట్రెడిషనల్ ఫైల్ ఫార్మాట్’ అనే పంక్తి ఉంటే దాన్ని నిలిపివేయండి. అప్పుడు సంవత్సరం, సెకనులో భాగాలు, చివర +05:30 వంటి కాలభేదం కూడా నమోదవుతాయి. గడియారం తప్పు నడవకుండా ‘క్రోనీ’ వంటి సేవను అమర్చండి. భారత ప్రామాణిక కాలాన్ని నిర్వహించేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడ సమీపంగా పోతుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాలు ఈ ప్రయోగశాల లేదా ఎన్‌ఐసీ కాల సర్వరులతో గడియారాలు సరిచూసుకోమంటున్నాయి.

ఎంతకాలం

మా లాగ్‌ను మింగింది ‘లాగ్‌రొటేట్’ అనే కార్యక్రమం. తప్పు దానిది కాదు. చాలా యంత్రాల్లో దాని సహజ సెట్టింగు రెండు మాటలు: ‘వీక్లీ’, ‘రొటేట్ 4’. వారానికొక కొత్త ఫైలు తెరిచి, పాతవి నాలుగు మాత్రమే ఉంచుతుంది. మేము ఆరు వారాల కిందటి ప్రశ్న అడిగాం.

పైన చెప్పిన 2022 నాటి ఆదేశాలు సేవాసంస్థలు, డేటా కేంద్రాలు, కార్పొరేటు సంస్థలు, ప్రభుత్వ సంస్థలు లాగ్‌లను 180 రోజులు ఉంచాలని చెబుతున్నాయి. వారాల లెక్కన ‘రొటేట్ 26’ అంటే 182 రోజులు. ఆ అంకె మార్చి, పాతవాటిని కుదించే ‘కంప్రెస్’ అనే మాట చేర్చండి. జర్నల్‌కు వేరే హద్దులున్నాయి. అది డిస్కులో పదోవంతు దాకా, ఎక్కువలో ఎక్కువ 4 జీబీ దాకా పెరుగుతుంది; ఆపైన పాతవి పోతాయి. ‘సిస్టమ్ మాక్స్ యూజ్’ పరిమాణపు హద్దు, ‘మాక్స్ రిటెన్షన్ సెక్’ కాలపు హద్దు. రెండింటిలో ఏది ముందు తగిలితే అదే అమలవుతుంది కనుక, 180 రోజులని రాసినంత మాత్రాన 180 రోజులూ ఉంటాయనుకోకూడదు. ఆడిట్‌డి లెక్క ఇంకా వేరు: సహజంగా 8 ఎంబీల ఫైళ్లు అయిదు, మొత్తం 40 ఎంబీ. లాగ్‌రొటేట్‌లో అంకె మార్చి ఆడిట్‌డిని మరచిపోతే, ఫైళ్లు ఎవరు చెరిపారన్న పుస్తకమే ముందుగా చిరిగిపోతుంది.

ఇంత స్థలం ఎక్కడిది అని అడుగుతారు. రోజుకు 20,000 పంక్తులు, పంక్తికి 120 బైట్లు అనుకొందాం. రోజుకు 2.4 ఎంబీ, 180 రోజులకు 432 ఎంబీ, అదీ కుదించకముందు. సీడీ నాణ్యతతో ఒక గంట మాటలు రికార్డు చేస్తే సుమారు 635 ఎంబీ అవుతుంది. ఒక ముసలమ్మ గంటసేపు చెప్పిన కథకు పట్టే చోటులో ఆరు నెలల చిట్టా పట్టి ఇంకా మిగులుతుంది.

రెండవ ప్రతి

సర్వరు మీద పూర్తి అధికారం సంపాదించినవాడు ఫైళ్లతోపాటు లాగ్‌నూ చెరిపివేయగలడు. డిస్కు పాడైతే రెండూ కలిసే పోతాయి. కనుక లాగ్ ప్రతి ఒకటి మరో యంత్రానికి వెళుతుండాలి. ఆర్‌సిస్‌లాగ్‌లో ఇది ఒక పంక్తి పని: ఆ యంత్రం పేరుకు ముందు ‘ఎట్’ గుర్తు పెట్టడమే. ఒక ఎట్ గుర్తు పెడితే సందేశం యూడీపీలో పోతుంది, మామూలు ఉత్తరంలా. అందిందో లేదో తెలియదు. రెండు పెడితే టీసీపీలో పోతుంది, దాదాపు రిజిస్టరు ఉత్తరంలా. రెండింటిలోనూ దారిలో ఉన్నవారు చదవగలరు. ప్రాంగణం దాటి పంపవలసివస్తే టీఎల్‌ఎస్ కవచంతో పంపాలి. దానికి కేటాయించిన ద్వారం 6514.

తెలుగు మాట లాగ్‌లో

వెబ్ సర్వరు లాగ్‌లో తెలుగు మాటను తెలుగుగా చూడాలనుకొంటే నిరాశపడతారు. మన నిఘంటువులో ఒకరు ‘తెలుగు’ అనే మాట వెదికారనుకోండి. గుణింతపు గుర్తులతో కలిపి అది యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 18. చిరునామాలో ప్రతి బైటునూ శాతపు గుర్తు, రెండు అక్షరాలుగా రాస్తారు కనుక లాగ్‌లో 54 అక్షరాల బారు కనిపిస్తుంది.

చూడగానే అర్థంకాని ఆ బారులో ఒక క్రమం ఉంది. ఇక్కడ చెప్పే లిపులన్నింటికీ మొదటి బైటు ఈ-0. రెండవది బీ-0 గాని బీ-1 గాని అయితే తెలుగు. బీ-2, బీ-3 కన్నడం. ఏ-ఈ, ఏ-ఎఫ్ తమిళం. ఏ-సీ, ఏ-డీ ఒడియా. ఏ-4, ఏ-5 దేవనాగరి. దీన్ని గుర్తుపెట్టుకొంటే బెంగుళూరులోనో బరంపురంలోనో ఉన్న పాఠకులు మన నిఘంటువును ఏ లిపిలో వెదుకుతున్నారో లాగ్ నుంచే లెక్కకట్టవచ్చు. భాషాశాస్త్ర విద్యార్థికి అది చిన్న వరం కాదు.

ఎవరు చదవవచ్చు

ఆ వరంలోనే ఒక జాగ్రత్త ఉంది. ఎవరు ఏ వేళకు ఏం చదివారో తెలిపే పుస్తకం అందరూ చదవదగింది కాదు. డెబియన్ వంటి యంత్రాల్లో ‘ఏడీఎమ్’ అనే గుంపులోని వారు లాగ్‌లను చదవగలరు. ఆ గుంపులో ఇద్దరు ముగ్గురికి మించి చేర్చకండి. మరో సంగతి: తొందరలో పేరు రాయవలసినచోట సంకేతపదం కొట్టేవారుంటారు. ఆ విఫలయత్నం లాగ్‌లో పేరుగా నమోదవుతుంది, అంటే సంకేతపదం బాహాటంగా రాసినట్టే. అలాంటిది కంటబడితే ఆ వ్యక్తికి చెప్పి వెంటనే మార్పించండి.

పరీక్ష

సెట్టింగు రాయడంతో పని పూర్తికాదు. ‘లాగర్’ అనే ఆజ్ఞతో ఒక తెలుగు వాక్యం పంపి, అది రెండు యంత్రాల్లోనూ చేరిందా, అక్షరాలు చెదరకుండా ఉన్నాయా చూడండి. కావాలని తప్పు సంకేతపదం కొట్టి చూడండి. కనిపెట్టి ఉండమన్న ఫోల్డరులో ఉత్త ఫైలొకటి సృష్టించి చెరపండి. మీ పేరు, సరైన వేళ లాగ్‌లో కనిపించాలి. యంత్రాన్ని ఒకసారి ఆపి మొదలుపెట్టి, పాత పంక్తులు నిలిచాయా చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా, మూడు నెలల తరువాత ఒకరోజు గుర్తుపెట్టుకొని, మూడు నెలల కిందటి పంక్తి దొరుకుతున్నదా అని వెదకండి.

లాగ్ పోయిన ఫైలును తెచ్చి ఇవ్వదు. దానికి వేరే ప్రతులు తీసి దాచుకోవలసిందే. ఆ పద్నాలుగు రికార్డుల విషయంలో మేము అదీ చేయలేదు. కాని ఏం జరిగిందో చెప్పడానికి, ఎవరి వల్ల జరగలేదో చెప్పడానికి లాగ్ తప్ప మరో సాక్షి లేదు. పైన చెప్పిన సెట్టింగులన్నీ అమర్చడానికి ఒక పూట చాలు. ఆ పూట మేము ముందుగా వెచ్చించి ఉంటే, ఆ విద్యార్థి చేతిలో పెట్టడానికి మా దగ్గర ఒక్క పంక్తి అయినా ఉండేది.